డిగ్రీకి కావలసిన మూడు తరాలు

బీఏలో ఆంత్రోపాలజీ చదువుతున్నానంటే మా కాలనీలో ఎవరికీ ఎక్కేది కాదు. పుర్రెలు కొలిచే చదువా అని అడిగేవారు. అవునని చెప్పి తప్పించుకునేదాన్ని. పట్టా రావాలంటే పేపర్లన్నీ పాసైతే చాలదు, చివరి సెమిస్టరులో ఫీల్డ్ వర్క్ చేసి రిపోర్టు ఇవ్వాలి. అందులో సొంత కుటుంబం మూడు తరాల వంశవృక్షం ఉండాలి. మగవాళ్లకు త్రిభుజం, ఆడవాళ్లకు సున్నా, పక్కన పేర్లు. వివరాలు చెప్పిన పెద్దవాళ్లు కింద సంతకమో వేలిముద్రో వేయాలి. ఇదీ ఒక పనేనా అనుకున్నాను.

మా నాయనమ్మను మేం అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. బాపు గనిలో డ్యూటీకి వెళ్లాక మూడు మధ్యాహ్నాలు ఆమె పక్కన నోట్‌బుక్కు పట్టుకుని కూర్చున్నాను. తాత బావులు తవ్వేవాడట. నీళ్లు పడగానే మొదటి చెంబు అవ్వకే తెచ్చి ఇచ్చేవాడట. ఒక బావి గడ్డ కూలి ఆయన అందులోనే పోయాడు. అన్నీ చెప్పింది గానీ పేరు దగ్గర ఆగిపోయింది. పెనిమిటి పేరు ఆమె ఏనాడూ పలకలేదు. చివరికి, నా చదువు ఆగుతుందని బతిమాలితే, ఇంట్లో ఎవరూ లేరని చూసుకుని నా చెవిలో చెప్పింది. చెప్పాక చాలాసేపు కొంగు నోటికి అడ్డం పెట్టుకునే ఉంది.

సాయంత్రం, నేను ఆ పేరు రాసి గీసిన వంశవృక్షం కాగితం చూసి బాపు చెమట తుడుచుకున్నాడు. అప్పుడు తట్టింది నాకు, నేనెంత తెలివితక్కువ పని చేశానో. బాపుది మారుపేరు ఉద్యోగం. కొలువు వచ్చిన పక్క ఊరి మనిషి భూమి లోపలికి దిగడానికి జంకితే, అతని కాగితం మీద బాపు చేరాడు. ఆనాటి నుంచి రికార్డుల్లో బాపు పేరు అతనిది, బాపు తండ్రి అతని తండ్రి. నా సర్టిఫికెట్లలోనూ అదే. ఇంట్లో ఒక పేరు, గనిలో ఒక పేరు వింటూ పెరిగినదాన్ని, అందులో దాచాల్సిందేమైనా ఉందని నాకెప్పుడూ అనిపించలేదు.

బాపు ఊపిరితిత్తులు పాడయ్యాయి. మెడికల్ అన్‌ఫిట్ అని గని డాక్టర్లు తేలిస్తే, కొడుకుగా అన్నకు ఆ ఉద్యోగం వస్తుంది. ఫైలు కదులుతోంది. ఎవరైనా ఒక ఆకాశరామన్న ఉత్తరం రాస్తే అంతా పోతుంది.

"రికార్డుల ఉన్నదే రాయి బిడ్డా. నీ అన్న నోటికాడి బువ్వ తియ్యకు," అన్నాడు బాపు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఎదురు చెప్పేదాన్నేమో.

ఇంకో తెల్లకాగితం తీసి మళ్లీ గీశాను. తాత త్రిభుజం పక్కన, మేమెవరం ఎన్నడూ చూడని మనిషి పేరు రాశాను. రిపోర్టులోంచి బావుల సంగతంతా కొట్టేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మిగిలింది వేలిముద్ర. అవ్వకు చదువు రాదు. కాగితం ముందు పెట్టి సిరా డబ్బీ మూత తీశాను. ఆమె కళ్లు చికిలించి వెతికింది.

"ఈ కాయితంల మీ తాత ఏడున్నడు బిడ్డా?"

బాపు లేచి బయటికి వెళ్లిపోయాడు. నేను ఆ త్రిభుజం మీద వేలు పెట్టి చూపించాను. అవ్వ దాన్ని మెల్లగా తడిమి, ఆ చెయ్యి కళ్లకద్దుకుని, కింద వేలిముద్ర వేసింది.