రాజుగారు కూర్చున్న చోటు

మా మావయ్య చెప్పే చరిత్రలో రాజుగారు ఎప్పుడూ కూర్చునే ఉంటారు. మిగతా గైడ్ల రాజులు యుద్ధాలు చేశారు, శత్రువుల్ని తరిమికొట్టారు, ఖజానాలు దాచారు. మా మావయ్య రాజు మాత్రం కూర్చున్నారు. కాస్త వెడల్పాటి రాయి కనిపిస్తే కూర్చున్నారు, కాస్త నీడ కనిపిస్తే కూర్చున్నారు, ఏదీ కనిపించకపోతే ఉన్నచోటే చతికిలబడ్డారు. ఇరవయ్యారేళ్లుగా మా పాత ఊరి కోటగోడ వెంట జనాన్ని తిప్పుతున్న మావయ్య ఆ మహారాజుని కూర్చోబెట్టని రాయి ఒక్కటి కూడా మిగల్లేదు.

ఆ గోడ ఊరి చుట్టూ మూడు కిలోమీటర్లు ఉంటుంది. నాలుగు ద్వారాలు, పన్నెండు బురుజులు. కాసేపు గోడ మీద నడవాలి, కాసేపు కిందికి దిగి సందుల్లో నడవాలి, మళ్లీ మెట్లెక్కాలి. మొత్తం గంటన్నర పడుతుందని టికెట్ మీద అచ్చేసి ఉంటుంది. ఆ టికెట్లు చింపి ఇచ్చేది నేనే. తూర్పు ద్వారం పక్కన, ఒకప్పుడు కాపలావాళ్లు ఈటెలు దాచుకున్న గదిలో నా కౌంటరు. పదింటికి నా కిటికీ ముందు నుంచి బయల్దేరిన మావయ్య బృందం పదకొండున్నరకి తిరిగి రావాలి. పన్నెండున్నరకి వచ్చిన రోజులున్నాయి, ఒంటిగంటకి వచ్చిన రోజులున్నాయి. ఒకసారి మరీ ఆలస్యమైందని వాచ్‌మన్ని పంపాను. అతను కూడా వెళ్లి వాళ్లతో కూర్చున్నాడు.

"ఇదిగో, సరిగ్గా ఇక్కడే రాజుగారు కూర్చున్నారు" అంటాడు మావయ్య, చేతికర్రతో రాయిని తట్టి.

"ఎందుకు కూర్చున్నారండీ?" అంటారు జనం.

"చెప్పులో రాయి దూరింది."

ఇంకో వంద అడుగులు వేశాక కర్ర మళ్లీ టక్కుమంటుంది. "ఇక్కడ కూడా కూర్చున్నారు."

"మళ్లీ చెప్పులో రాయేనా?"

"కాదండీ. ఇక్కడ రాణిగారి మీద అలిగి కూర్చున్నారు. ఆవిడొచ్చి బతిమాలేదాకా లేవనని భీష్మించారు."

"వచ్చారా మరి?"

"రాలేదు. చూసి చూసి ఆయనే లేచారు. మీరూ కూర్చోండి, కూర్చోండి. రాజుగారు చూసినట్టు ఊరిని చూడాలంటే ఆ ఎత్తు నుంచే చూడాలి."

కూర్చోమంటే ఎవరు మాత్రం కాదంటారు? అందరూ వరసగా కూర్చుంటారు. ఉత్తరపు బురుజు దగ్గర రాజుగారు మంత్రి పేరు మర్చిపోయి, గుర్తొచ్చేదాకా కూర్చున్నారట. ఇత్తడి సామాన్ల వీధి మొదట్లో వెనక నుంచి ఎవరో పిలిచినట్టనిపించి కూర్చున్నారట. నూతి గట్టు మీద, ఇంతకుముందు కూర్చున్నచోట ఏదో మర్చిపోయి వచ్చానని కూర్చున్నారట. దక్షిణ ద్వారం దగ్గరైతే కారణమే లేదు. "రాజన్నాక కారణం కూడా చెప్పాలా?" అని జనాన్నే దబాయిస్తాడు.

ఇంట్లో అత్తయ్య ఊరుకునేది కాదు. ఆవిడ బట్టలు కుడుతుంది. మిషను తొక్కుతూనే మొదలుపెట్టేది.

"మీ రాజు ఒక్క రోజైనా నిలబడ్డాడా అంట?"

"నిలబడకపోతే కూర్చోవడం ఎలా కుదురుతుందే?"

"మరి ఇంత గోడ ఎవరు కట్టారు?"

"పనివాళ్లు."

"ఆయనేం చేశాడు?"

"చూశారు."

"కూర్చునా?"

"నిలబడి చూడటానికి ఆయనేమైనా మేస్త్రీయా?"

అత్తయ్య నవ్వు ఆపుకోలేక మిషను ఆపేది. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. రోజూ పొద్దున్నే మిగతా గైడ్లు నా కిటికీలోంచి తల పెట్టి "మీ మావయ్యగారి రాజు లేచారా అమ్మా, లేక ఇంకా కూర్చునే ఉన్నారా?" అంటుంటే తల కొట్టేసినట్టుండేది. సొంత మేనమామ అబద్ధాల పుట్ట అని ఊరంతా అనుకుంటుంటే, అదే ఊళ్లో ఆయన టూరుకి టికెట్లు చింపడం ఏమంత గౌరవం?

పోనీ ఆ అబద్ధమైనా ఒక లెక్కన చెప్పేవాడా అంటే అదీ లేదు. ఒక రోజు రాజుగారు మూడు చోట్ల కూర్చుంటే ఇంకో రోజు పదిహేడు చోట్ల కూర్చునేవారు. బడి పిల్లలు వచ్చిన రోజున అసలు కూర్చోనే లేదు. పైగా నూతి దగ్గర్నుంచి దక్షిణ ద్వారం దాకా పరుగెత్తారట.

"ఇదేం చరిత్ర మావయ్యా?" అని నిలదీశాను.

"ఆ రోజు ఆయనకి ఉత్సాహంగా ఉండింది అమ్మడూ" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

ఇది ఎక్కడికో దారి తీస్తుందని నేను అనుకుంటూనే ఉన్నాను. తీసింది. ఒకాయన వాళ్ల అత్తగారిని తీసుకుని టూరుకి వచ్చాడు. రాజుగారు పద్నాలుగు సార్లు కూర్చున్నారు. నెల తిరక్కుండా అదే మనిషి ఆఫీసు స్నేహితులతో వచ్చాడు. రాజుగారు ఒక్కసారే కూర్చున్నారు. ఆయన తిన్నగా నా కౌంటరుకి వచ్చి, ఫిర్యాదుల పుస్తకం అడిగి తీసుకుని, రెండు పేజీలు నింపాడు. చివర్లో ఒక ప్రశ్న వేసి దాని కింద రెండు గీతలు గీశాడు. "మీ రాజు మా అత్తగారి ముందు నిజంగా కూర్చున్నాడా, నా స్నేహితుల ముందు నిజంగా కూర్చున్నాడా?"

మా ఆఫీసుకి అప్పుడే కొత్త ఇన్‌ఛార్జి వచ్చాడు. గంటన్నర అంటే తొంభై నిమిషాలు, తొంభై ఒకటి కాదు అనే రకం. పుస్తకం చదివి మా ఇద్దరినీ గదిలోకి పిలిచాడు.

"ఈ రాజు కూర్చున్నట్టు ఏ పుస్తకంలోనైనా ఉందా?" అన్నాడు మావయ్యతో.

"నిలబడ్డట్టు కూడా ఎక్కడా లేదు సార్."

ఇన్‌ఛార్జి ముఖం ఎర్రబడింది. "వేళాకోళాలు వద్దు. గైడ్ల పుస్తకం రాసిన ప్రొఫెసర్‌గారిని శనివారం రమ్మన్నాను. మీ వెంట టూరంతా నడుస్తారు. రాజు ఒక్కచోట కూర్చున్నాడంటే, మీ బ్యాడ్జి ఆ సాయంత్రానికి నా సొరుగులో ఉంటుంది." నా వైపు తిరిగి, "నువ్వూ రా అమ్మా. నోటుబుక్కు తెచ్చుకో. కూర్చోబెట్టినప్పుడల్లా ఒక గీత పెట్టు" అన్నాడు.

ఆ సాయంత్రం మావయ్య ఒక్క జోకు వెయ్యలేదు. చొక్కాకున్న బ్యాడ్జి విప్పి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "ఇరవయ్యారేళ్లు అమ్మడూ. నాకు ఇంకో పని చేతకాదు. ఇది పోతే పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్లాలి?" అన్నాడు. ఆయన గొంతు అలా పలకడం నేనెప్పుడూ వినలేదు.

అత్తయ్య మిషను ఆపి లేచి వచ్చింది. "ఒక్క రోజుకి ఆ మనిషిని నిలబెట్టండి. మీకు పుణ్యముంటుంది."

"సరే. మాటిస్తున్నా. శనివారం రాజుగారు కూర్చోరు."

శనివారం ప్రొఫెసర్‌గారు పదికి ఐదు నిమిషాల ముందే వచ్చారు. డెబ్బై దాటిన సన్నటి మనిషి. ఇస్త్రీ మడత నలగని కోటు. నేను కుర్చీ వేశాను. ఆయన దాన్ని నేనేదో తిట్టినట్టు చూశారు.

"నలభయ్యేళ్లు నిలబడే పాఠం చెప్పాను" అన్నారు.

ఇంకో ఆరుగురు సందర్శకులతో కలిసి బయల్దేరాం. మావయ్య మాట తప్పలేదు. "ఈ గోడ ఎత్తు ఇరవై నాలుగు అడుగులు. వెడల్పు తొమ్మిది అడుగులు. ఇది నల్లరాయి. అది కూడా నల్లరాయే" అంటూ పుస్తకం అప్పజెప్పాడు. రాజుగారు అలిగిన రాయి వచ్చింది. కర్ర పైకి లేచింది, సగంలో ఆగింది, మెల్లిగా కిందికి దిగింది. మంత్రి పేరు మర్చిపోయిన బురుజు వచ్చింది. మావయ్య గుటక మింగి ముందుకి నడిచాడు. సందర్శకుల్లో ఒకాయన ఆవలించాడు. ఇన్‌ఛార్జి మాత్రం వాచీ చూసుకుని, "నలభై నిమిషాల్లో సగం అయిపోయింది!" అని మురిసిపోయాడు. నా నోటుబుక్కులో ఒక్క గీత లేదు. గండం గట్టెక్కుతోందని సంతోషించాల్సిందే. కానీ నిజం చెప్పొద్దూ, ఆ రాజు లేకపోతే మా గోడ ఉత్త రాళ్ల గుట్టలా కనిపించింది.

పడమటి ద్వారం దగ్గర ఎనభై నాలుగు మెట్లున్నాయి. నిట్టనిలువు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. సగం ఎక్కాక ఒక చిన్న చదును, దాని పక్కన గోడలోనే కట్టిన అరుగు. అక్కడ ప్రొఫెసర్‌గారు ఆగిపోయారు. గోడకి ముఖం ఆనించినంత దగ్గరగా వంగి, రాళ్ల మధ్య సందులు చూడటం మొదలుపెట్టారు.

"ఈ సున్నం..." అన్నారు. కొంచెం ఆగి, "చాలా..." అన్నారు. ఇంకొంచెం ఆగి, "గొప్ప సున్నం" అన్నారు.

"రండి ప్రొఫెసర్‌గారూ, సరిగ్గా టైముకే ఉన్నాం!" అని పై మెట్టు నుంచి ఇన్‌ఛార్జి కేకేశాడు.

"వస్తున్నా. సున్నం చూస్తున్నా."

నేను నిజంగానే సున్నం చూస్తున్నారనుకున్నాను. మావయ్య అనుకోలేదు. ఆయన చూపు ఎటుందో చూసి, నేనూ అటు చూశాను. ప్రొఫెసర్‌గారి పెదాలు పాలిపోయి ఉన్నాయి. ఒక చేతి వేళ్లు రాళ్ల సందుని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. అప్పుడు మావయ్య చెయ్యి తన బ్యాడ్జి మీదికి వెళ్లింది. ఒక్క క్షణం అక్కడే ఉంది. ఆ తర్వాత కర్ర టక్కుమంది.

"అందరూ ఆగండి. సరిగ్గా ఇక్కడే రాజుగారు కూర్చున్నారు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"గీత పెట్టమ్మా! గీత పెట్టు!" అంటూ ఇన్‌ఛార్జి గబగబా మెట్లు దిగి వచ్చాడు.

"ఎందుకు కూర్చున్నారండీ?" అంది ఒక సందర్శకురాలు, ఇంతసేపటికి ప్రాణం లేచొచ్చినట్టు.

"సున్నం చూడటానికమ్మా" అన్నాడు మావయ్య. "పనివాళ్లు పాళ్లు సరిగ్గా కలిపారో లేదో దగ్గర్నుంచి చూడాలని, ఇదిగో, ఈ అరుగు మీద కూర్చున్నారు. నిలబడి చూస్తే తెలిసే విషయం కాదు. మీరూ కూర్చోండి, అందరూ చూడాల్సిందే."

అందరం కూర్చున్నాం. మధ్యలో ఒక మనిషికి చోటు మిగిలింది. ప్రొఫెసర్‌గారు మావయ్య వైపు చాలాసేపు చూశారు.

"ఈ సంగతి నేను పుస్తకంలో రాయలేదే" అన్నారు మెల్లిగా.

"చోటు సరిపోయి ఉండదండీ."

ప్రొఫెసర్‌గారు కూర్చున్నారు. గోడకి జారబడి కళ్లు మూసుకుని, "ఎంతసేపు కూర్చున్నారు రాజుగారు?" అని అడిగారు.

"తొందరేం లేదండీ. ఆ రోజు ఆయనకి వేరే పనులేం లేవు."

మావయ్య సంచిలోంచి నీళ్ల సీసా తీసి ముందు నాకు ఇచ్చాడు, తర్వాత ఆ ఆవలించినాయనకి ఇచ్చాడు, మూడో మనిషిగా ప్రొఫెసర్‌గారికి. వరసలో వచ్చింది కాబట్టి ఆయనా తాగారు. ఆ పైన పావుగంట సేపు మావయ్య సున్నం గురించి చెప్పాడు. సున్నం గురించి ఆయనకి ఏమీ తెలీదని నాకు తెలుసు, పక్కనే ఉన్న ప్రొఫెసర్‌గారికి ఇంకా బాగా తెలుసు. ఆయన ఒక్కచోట కూడా అడ్డు చెప్పలేదు.

అప్పటికి గానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు. అత్తగారితో వస్తే పద్నాలుగు సార్లు, కుర్రకారుతో వస్తే ఒక్కసారి. రాజుగారు కూర్చునేది ఆయన కోసం కాదు. మోకాళ్లు నొప్పని నోరు తెరిచి చెప్పలేనివాళ్ల కోసం ఇరవయ్యారేళ్లుగా ఆ మహారాజు కూర్చుంటూ లేస్తూ ఉన్నారు. ఇన్నాళ్లూ ఈ మనిషిని చూసి సిగ్గుపడ్డానా అని నా మీద నాకే ఒళ్లు మండిపోయింది.

ఇన్‌ఛార్జి ఒక్కడే నిలబడి ఉన్నాడు. "ప్రొఫెసర్‌గారూ, మీరే తేల్చండి. దీనికి ఆధారం ఏముంది?"

ప్రొఫెసర్‌గారికి ఈపాటికి ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. కళ్లద్దాలు సర్దుకున్నారు. "నేను స్వయంగా పరిశీలించాను. ఇక్కడ కూర్చోకుండా పైకి వెళ్లి ఉండే అవకాశం లేదు" అన్నారు. తర్వాత ఇన్‌ఛార్జి కొత్త బూట్ల వైపు, కుడికాలి మీద బరువు పడకుండా ఆయన నిలబడ్డ తీరు వైపు చూసి, కొంచెం పక్కకి జరిగారు. "మీరూ కూర్చోండి."

"నాకేం అలసట లేదండీ."

"అలసట సంగతి ఎవరెత్తారు? సున్నం చూడండి."

ఇన్‌ఛార్జి కూర్చున్నాడు. రెండు నిమిషాలు సున్నం చూశాడు. మూడో నిమిషంలో బూటు లేసు వదులు చేసుకున్నాడు. ఆ రోజు మేం తిరిగొచ్చేసరికి ఒంటిగంట దాటింది.

సోమవారం ఇన్‌ఛార్జి మమ్మల్ని మళ్లీ పిలిచాడు. బ్యాడ్జి ఊసెత్తలేదు. ప్రొఫెసర్‌గారి నివేదిక బల్ల మీద ఉంది. గోడ వెంట ఏడు చోట్ల బెంచీలు వెయ్యమని సలహా ఇచ్చారట. ఆ మాట మావయ్యకి ఏదో బహుమానం ఇస్తున్నట్టు చదివి వినిపించాడు.

"బెంచీలు వద్దు సార్" అన్నాడు మావయ్య.

"అదేంటండీ? అలసినవాళ్లు కూర్చుంటారు కదా?"

"బెంచీ వేస్తే అలసినవాళ్లే కూర్చుంటారు సార్. నలుగురూ నిలబడి చూస్తుంటే ఒక్కళ్లు కూర్చోవాలంటే ఎవరికైనా చిన్నతనమే. రాజుగారు కూర్చున్నచోట అనండి, అందరూ కూర్చుంటారు."

ఇన్‌ఛార్జి కాసేపు కలం తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నాకొక్కడికే చెప్పండి. అసలు ఆ రాజు ఒక్కచోటైనా కూర్చున్నాడా?" అన్నాడు.

"మూడు కిలోమీటర్ల గోడ సార్. జీవితమంతా దీని చుట్టూ తిరిగారు. ఆయన మాత్రం మనిషి కాదా?"

ఇన్‌ఛార్జి కలానికి మూత పెట్టి, కిటికీలోంచి ద్వారం వైపు చూశాడు. "వెళ్లండి, మీ బృందం ఎదురుచూస్తోంది" అన్నాడు. మేం గుమ్మం దాటుతుంటే వెనక నుంచి మళ్లీ పిలిచాడు. "ఆ నీలం చీర ఆవిడ ఎడమకాలు కొంచెం ఈడుస్తోంది. చూసుకోండి."