ఎగదన్నిన వాగు

వాగు వెనక్కి పారుతోందని ఎవరైనా చెబితే మీరు నవ్వకుండా వినగలరా? నేను వినలేకపోయాను. ఆ నవ్వుకు మూల్యం నేను చెల్లించలేదు, పక్కింటివాళ్లు చెల్లించారు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది నేలకొండపల్లి దిక్కు. చెరువులు, కాలువలు తెలుసుగానీ గోదావరి తెలియదు. పినపాక దగ్గర ఒక చిన్న ఊరి బడికి బదిలీ అయ్యాక అక్కడే ఇల్లు కిరాయికి తీసుకున్నాను. ఊరికి ఒకవైపు అడవి, ఒకవైపు గోదావరి, మూడో వైపు నుంచి వచ్చి నదిలో కలిసే వాగు. తారురోడ్డు ఎక్కాలంటే వాగు మీది చప్టా దాటాలి. చప్టా వంతెనంత ఎత్తుండదు. వాగు అడుగునే పరిచిన సిమెంటు దారి అది.

అప్పటికి చాలా ఏళ్లుగా మూఢనమ్మకాల మీద ఊరూరా మాట్లాడుతున్నవాణ్ణి. చేతబడి, వాస్తు, తాయెత్తులు, దేన్నీ వదల్లేదు. అవతలి మనిషి నోరు తెరవగానే జవాబు సిద్ధం చేసుకోవడం నాకు అలవాటైపోయింది. పిల్లలకు మాత్రం, ఎవరేం చెప్పినా "మీకెట్లా తెలిసింది?" అని అడగమని నేర్పేవాణ్ణి.

పక్కింట్లో ఒక పెద్దావిడ, ఆమె భర్త ఉండేవాళ్లు. ఆయనకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మంచమే లోకం, కానీ నోటికి తీరిక ఉండేది కాదు. ఆమెను నేను అక్కా అనేవాణ్ణి.

ఆ వానాకాలం ఒక పొద్దున, ఎగువ వానలకు గోదావరి నిండుగా వస్తోంది. భద్రాచలం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారని ఫోన్‌లో చూశాను. మా ఊళ్లో మాత్రం చినుకు లేదు, ఎండ కాస్తోంది. అక్క బిందె పట్టుకుని వాగు దిక్కు నుంచి వచ్చింది. బిందె ఖాళీగా ఉంది.

"సారూ, వాగు ఎగదన్నుతాంది. ఈయనను జల్దీ మా చెల్లె ఊరికి చేర్చాలె. ట్రాక్టర్ మాట్లాడు."

"ఎగదన్నుడేంది అక్కా? నీళ్లకు కాళ్లున్నయా తన్నెతందుకు?"

అరుగు మీద కూర్చున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. నాకు హుషారు వచ్చింది.

"గంగమ్మకు కోపమొస్తే గట్లనే తంతది సారూ. అది ఫోన్ల కనబడదు."

"ఫోన్ల మొదటి హెచ్చరికనే ఉన్నది. రెండోది రానియ్యి. అప్పుడు నేనే ట్రాక్టర్ పిలుస్త. మీ గంగమ్మకు నేను జవాబు చెప్పుకుంట."

లోపలి నుంచి ఆయన గొంతు, మాట కొంచెం ముద్దగా: "సారు మాట ఇనవే. నన్ను ఊరేగించుడంటే దీనికి సరదా సారూ. పెండ్లినాడు గుర్రమెక్కియ్యలేదని ఇప్పుడు మంచమెక్కించి తిప్పుతది."

అక్క కూడా నవ్వింది. బిందె దించి లోపలికి పోయింది.

నా తర్కం నాకు బలంగానే కనిపించింది. వాగులో నీళ్లు రావాలంటే వాగు పుట్టిన చోట వాన పడాలి. వాన లేదు, కాబట్టి ప్రమాదం లేదు. నది నిండినప్పుడు వాగు నీళ్లు అందులోకి దిగలేక ఆగిపోతాయనీ, ఆ తర్వాత నది నీళ్లే వాగులోకి ఎక్కి ఊరి మీదికి వస్తాయనీ నాకు తట్టలేదు. ఎగదన్నడమంటే అదే. అది దేవతకు సంబంధించిన మాట కాదు. నేనే అలా విన్నాను.

మధ్యాహ్నం చప్టా దాకా వెళ్లాను. ఎర్రటి నీటి మీద తెగిన రబ్బరు చెప్పు ఒకటి గోదావరి వైపు నుంచి ఊరి వైపు తేలుతూ వస్తోంది. ఎదురు దిశలో. దాని వెనక నురగ, చొప్ప. చప్టా ఎక్కడుందో కనబడలేదు. ట్రాక్టరాయనకు ఫోన్ చేశాను.

"ఇప్పుడా సారూ? చప్టా మీద మనిషి లోతున్నది. పొద్దుగాల్నే పిలిస్తే వచ్చేటోణ్ణి గదా!"

ఇక అడవి దారే మిగిలింది. కబురు పెడితే అడవిలోని గూడెం నుంచి ముగ్గురు మనుషులు వచ్చారు. మంచంతో సహా ఆయన్ను ఎత్తాం. మంచం నాలుగో కోడు నేను పట్టాను. వాళ్లు తమ భాషలో ఏదో అనుకుంటూ భుజాలు మార్చుకుంటున్నారు. నాకు అర్థం కాలేదు, అడిగే ముఖమూ లేదు. సగం దారిలో వాన అందుకుంది. అక్క తన కొంగు తీసి ఆయన ముఖం మీద కప్పింది. జేబులో ఫోన్ మోగింది. మంచం దించి చూస్తే రెండో హెచ్చరిక.

"వచ్చిందా సారూ మీ రెండోది?" అన్నాడాయన కొంగు కింది నుంచి. నవ్వడానికే అన్నాడు. ఎవరమూ నవ్వలేదు.

మిట్ట మీది గూడెం చేరేసరికి ఆయన నిలువునా తడిసి వణుకుతున్నాడు. మర్నాటికి జ్వరం, ఆ మర్నాటికి ఆయాసం. నీళ్లు తగ్గి దారి తెరుచుకున్నాక భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లారు. తిరిగి రాలేదు.

దినాలు అయ్యాక అక్క దగ్గర కూర్చున్నాను. చాయ్ ఇచ్చింది. "ఫోన్ల ఉన్నదే చెప్పిన్రు గదా సారూ, మీ తప్పేమున్నది" అంది. ఎత్తిపొడుపేమో అని ముఖం చూశాను. కాదు. నిజంగానే అంది. తిట్టినా బాగుండేది.

అప్పుడు అడిగాను, ఆ పొద్దున ఆమెకు ఎలా తెలిసిందని.

"కాపురానికొచ్చిన కాడికెల్లి ఆ వాగుల్నే బట్టలుతుకుతున్న. గోదారి ఎక్కితే తేట నీళ్లు ఎర్రగయితయి, పారుడు ఆగుతది. ఆగిన జాములోపే చప్టా మునుగుతది. ఎన్నిసార్లు చూసిన్నో."

"అప్పుడే చెప్పకపోయినవా అక్కా?"

"మీరు అడగలె. నవ్విన్రు."

ఈ రోజుకీ గంగమ్మ ఉందని నేను ఒప్పుకోను. కానీ ఆమె మాటలో ఉన్నది ఏళ్ల తరబడి కళ్లతో చూసిన నిజం. నేను పట్టుకుని వేలాడిన హెచ్చరిక భద్రాచలం దగ్గరి నీటిమట్టానికి ఇచ్చింది, మా చప్టాకు కాదు. ఎక్కడి కొలతను ఎక్కడ వాడుతున్నానని నన్ను నేను ప్రశ్నించుకోలేదు. హేతువాదినని చెప్పుకునే మనిషి చేయకూడని తప్పు అది. ఆ తప్పు బరువును ఆరోజు ముగ్గురు గూడెం మనుషులు నాతోపాటు మోశారు.

ఇది చదివి అయ్యో అని పక్కన పెట్టకండి. మీ వీధిలో మంచం దిగలేని మనిషి ఎవరో ఈ రోజే కనుక్కోండి. ఆ మంచం ఎత్తడానికి నలుగురి పేర్లు రాసి, వాళ్ల ఎదురుగా చదివి, ఒప్పించండి. ఏ దారిన పోవాలో ఎండ ఉండగానే ఒకసారి నడిచి చూడండి. వాగు దగ్గర ఉండేవాళ్లు "పోదాం" అన్న పొద్దునే, ఏ హెచ్చరిక కోసమూ ఆగకుండా, ఆ మనిషిని పొడిబట్టలతో మిట్ట మీదికి చేర్చండి.