తాళం చేతికి వచ్చేదాకా

మా ఆయనకు ఫిట్స్ జబ్బు ఉందని డాక్టరు చెప్పినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది మా బండి. మనిషి ఆ తర్వాత గుర్తొచ్చాడు. ఈ మాట చెబితే ఎవరేమనుకుంటారో తెలుసు గానీ అబద్ధం ఎందుకు చెప్పాలి? మేం బతికేదే ఆ బండి మీద. నాచారంలో మా అద్దె ఇంటి వెనక గదిలో నేను మురుకులు, సకినాలు, గవ్వలు చేసి ప్యాకెట్లు కడితే, ఆయన వాటిని రెండు పెద్ద సంచుల్లో సర్ది, బండికి చెరో పక్క తగిలించుకుని ఉప్పల్, రామంతాపూర్, బోడుప్పల్ కిరాణా షాపులన్నీ తిరిగి వేసొచ్చేవాడు. దాన్ని మేం లైను అనేవాళ్ళం. లైనుకు పోకపోతే మా పొయ్యి మీది నూనె మూకుడు దించేయాల్సిందే.

ఆయన నాకు మేనత్త కొడుకు. పెళ్ళయ్యాక కూడా బావా అనే పిలిచేదాన్ని. చిన్నప్పటి నుంచి చీమిడి ముక్కుతో చూసిన మనిషి కాబట్టి మొగుడన్న భయమూ భక్తీ నాకు ఏనాడూ లేవు. మొదటిసారి ఫిట్స్ వచ్చింది ఇంట్లోనే. అన్నం తింటూ తింటూ మెడ ఎడమ పక్కకు తిప్పి గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. బల్లిని చూస్తున్నాడేమో అనుకున్నాను. అంతలోనే కంచం మీద పడిపోయాడు. తర్వాత దవాఖానాకు తీసుకుపోతే డాక్టరు మాత్రలు రాసి, నేను చెప్పేదాకా బండి ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాడు. మా బావ బుద్ధిమంతుడిలా తలూపాడు. బయటికి వచ్చి బండికి కిక్కు కొట్టి, "ఎక్కు" అన్నాడు.

"గిప్పుడే గదా డాక్టర్ సారు ఒద్దన్నడు?"

"గోళీలు రాసిండు గదా, ఇంకేం ఫికర్? ఎక్కుతవా, ఈడనే ఉంటవా?"

ఎక్కాను. ఇంటికి పోయాక పోట్లాడాను. రోజూ పోట్లాడాను. సంచులు మోసుకుని ఆటోల్లో తిరిగితే మిగిలేదేమీ ఉండదు, ఆ సంగతి నాకూ తెలుసు. చివరికి బండి నేనే నేర్చుకుంటానన్నాను. ఆయన పడీ పడీ నవ్వాడు. అప్పట్లో మా వైపు గేర్లు లేని చిన్న బండ్ల మీద టీచరమ్మలు కనిపించేవారు గానీ, ఆడమనిషి గేర్ల బండి నడపడం నేనూ చూడలేదు. రెండో బండి కొనే తాహతు మాకెక్కడిది?

"సరే. లైసెన్సు తెచ్చుకో. గా దినమే తాళం నీ చేతుల పెడత. గప్పటిదాంక నన్ను సతాయించకు," అన్నాడు.

నేను ఎలాగూ తెచ్చుకోలేననే ధీమాతో అన్న మాట అది. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ మంట కింద భయం ఉంది. నేను పాసయ్యేదాకా ఆయన నడుపుతూనే ఉంటాడు. ఏ లారీ పక్కనో మెడ తిప్పి అలా ఉండిపోతే? పిండి కలుపుతున్నా, మురుకుల గొట్టం తిప్పుతున్నా ఆ ఒక్క ప్రశ్నే. లైను నుంచి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, చేతులు కడుక్కోకుండానే సందు చివరిదాకా వచ్చి నిలబడేదాన్ని. బండి చప్పుడు వినబడగానే లోపలికి పోయి, ఏమీ ఎరగనట్టు మూకుడు ముందు కూర్చునేదాన్ని.

నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు, ఎల్‌ఎల్‌ఆర్ వచ్చాక ఆదివారాలు నారపల్లి పోవడం మొదలుపెట్టాం. అక్కడ పొలాలు కొని ప్లాట్లు చేసి, ఇళ్ళు లేకుండా ఉత్త తారు రోడ్లు వేసి పెట్టారు. బండి నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. అయితే అక్కడికి పోవాలంటే వరంగల్ రోడ్డు మీద ఆయనే నడపాలి. ప్రాణం తీసేది ఆ ప్రయాణమే. అంతకుముందు ఎప్పుడూ ఒక పక్కకు కూర్చునేదాన్ని, ఇప్పుడు పంజాబీ డ్రెస్సు వేసుకుని అటో కాలు ఇటో కాలు వేసి కూర్చున్నాను, ఏదైనా అయితే పట్టుకోవచ్చని. నా కళ్ళన్నీ ఆయన మెడ మీదే. ఆయనేమో దారి పొడవునా వెంచర్ల బోర్డులు చదువుకుంటూ పోయే రకం. మెడ అటు తిరిగితే చాలు, చొక్కా పట్టి గుంజేదాన్ని.

"ఏమైంది బావా?"

"ఏం గాలే. బోర్డు సూస్తున్న."

"బోర్డు నేను సూసి చెప్త. నువ్వు రోడ్డు సూడు."

నారపల్లిలో నేను ముందు, ఆయన వెనక. "క్లచ్ జర జర ఇడువు. గట్ల ఇడిస్తే దుంకుతది" అని చెవి దగ్గర ఒకటే నస. బండి గాడిదలా ఎగిరి ఆగిపోయేది. పరీక్షలో ఎనిమిది ఆకారంలో తిప్పాలని, కాలు కింద పెట్టకూడదని తెలిసింది. ఇంటి నుంచి ముగ్గు డబ్బా తీసుకుపోయి ఆ తారు రోడ్డు మీద పెద్ద ఎనిమిది వేశాను. ముగ్గు వేయడంలో నాకు వంక పెట్టే మనిషి మా వాడలోనే లేదు. కొన్ని ఆదివారాలు పోయేసరికి దాని మీద బండి తిప్పడంలోనూ వంక లేదనుకున్నాను. ఆయనే, "మస్తు నేర్సినవ్ పో" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు మొహంలో సంతోషం లేదని నాకు అనిపించింది. మాట నిలబెట్టుకోవాల్సి వస్తుందని బెంగ పడుతున్నాడనుకున్నాను.

మొదటి పరీక్ష రోజు ఉప్పల్ దగ్గర ఆర్టీఏ ట్రాకు మీద వరుసలో అందరూ మగవాళ్ళే. ఒకాయన నన్ను చూసి, "అక్కా, లేడీస్ బండి తేలేదా?" అన్నాడు. "నువ్వు తెచ్చినవా?" అన్నాను. పైకి అలా ఉన్నాను గానీ అరచేతుల్లో చెమట, హ్యాండిల్ జారిపోతోంది. మా బావ గోడ పక్కన నిలబడి ఉన్నాడు. బ్రేకు ఇన్‌స్పెక్టరు చెయ్యి ఊపాడు. బండి కదిలింది.

కదలగానే ఏదో తేడా కొట్టింది. బండి ఖాళీ డబ్బాలా తేలిపోతోంది. మొదటి మలుపులో వంచాను. వంచి, దేనికోసమో ఎదురుచూశాను. అది రాలేదు. బండి ఇంకా వాలిపోయింది, నేను కాలు పెట్టేశాను, ఇంజను ఆగిపోయింది.

"కాలు పెట్టిన్రమ్మా. మంచిగ నేర్సుకొని మల్ల రాండ్రి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆయన తప్పేం లేదు, పెట్టాను కదా.

బండి తోసుకుంటూ గోడ దగ్గరికి వచ్చేసరికి నాకు తెలిసిపోయింది. నేను ఎదురుచూసింది మా బావ కాళ్ళ కోసం. ఆయన పొడుగు కాళ్ళు. ఇన్ని ఆదివారాలూ బండి వాలినప్పుడల్లా వెనక నుంచి నేలకు ఆనించి నిలబెట్టింది ఆయనే. నేను ఒక్కదాన్ని ఏనాడూ బండి నడపలేదు.

"నువ్వు కాళ్ళు ఆనిచ్చినవా, లేదా?"

"పడతవని..." అని నసిగాడు. తర్వాత మామూలుగా చెయ్యి చాచాడు, తాళం కోసం. ఇచ్చాను. ఇవ్వక ఏం చేయను?

తిరుగు దారిలో ఉప్పల్ చౌరస్తాలో ఎర్ర లైటు పడి ఆగాం. అప్పటికింకా అక్కడ మెట్రో స్తంభాలు లేవు, నాలుగు పక్కలా బస్సులే. పచ్చ లైటు పడింది. పక్క బండ్లు పోయాయి. మాది కదలలేదు. వెనక బస్సు హారన్ కొట్టింది. "బావా" అన్నాను. పలకలేదు. భుజం పట్టి ఊపాను. పలకలేదు. మెడ తిరగలేదు, పడిపోలేదు, రెండు కాళ్ళ మీదా నిలబడి ముందుకు చూస్తూ ఉన్నాడు, అంతే. తర్వాత ఏమీ కానట్టు గేరు వేసి కదిలాడు.

"ఏమైంది?"

"ఏం గాలే. లైటు సూడలే."

"దిగు. నడుసుకుంట పోదాం."

"లొల్లి వెట్టకు నడి రోడ్డు మీద."

ఇల్లు చేరేదాకా ఆయన చంకల కింద నుంచి రెండు చేతులూ పోనిచ్చి పట్టుకునే కూర్చున్నాను. చూసేవాళ్ళు కొత్త జంట అనుకుని ఉంటారు. నేను మనసులో తెలిసిన దేవుళ్ళందరినీ పిలుస్తున్నాను, తెలియనివాళ్ళను కూడా.

ఆ తర్వాత నారపల్లి మానేశాం. సెలవు రోజున నాచారం ఫ్యాక్టరీల గేట్లు మూసి ఉంటాయి, రోడ్లు ఖాళీగా ఉంటాయి. అక్కడిదాకా బండిని నేనే తోసుకుంటూ పోయేదాన్ని. ఆయన వద్దన్నా వినకుండా వెనకే నడిచి వచ్చేవాడు. వెనక ఎక్కనివ్వలేదు. ఒక గోడ పక్కన కూర్చోబెట్టాను. పడ్డాను. మోచేయి చెక్కుకుపోయింది, ఒక అద్దం పగిలింది. ఆయన పరిగెత్తుకుని వస్తే, "ముట్టుకోకు" అని అరిచాను. మళ్ళీ ఎక్కాను. నేను మలుపులో వంగినప్పుడల్లా అక్కడ కూర్చున్న మనిషి కాళ్ళు నేలను నొక్కుతూ ఉండేవి. నవ్వొచ్చేది, అంతలోనే చిరాకు వచ్చేది. మిగతా రోజుల్లో లైనుకు నేను కూడా వెంట వస్తానంటే ఒప్పుకునేవాడు కాదు, సంచులకే చోటు లేదనేవాడు. ఆయన సందు మలుపు తిరిగేదాకా చూసి, ఇంట్లోకి వచ్చి, తిరిగొచ్చేదాకా చచ్చి బతికేదాన్ని.

రెండో పరీక్షలో ఎనిమిది సరిగ్గా వచ్చింది. బాగా వచ్చిందని చెప్పను, వచ్చింది. మధ్యలో ఒకసారి బండి ఊగింది, పళ్ళు బిగబట్టాను, కాళ్ళు మాత్రం పైనే ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు కాగితం మీద ఏదో రాసి, "అయింది, పోండ్రి" అన్నాడు. ఇంతకాలం ఈ రెండు మాటల కోసమా నేను నిద్ర మానుకున్నది అనిపించింది.

గేటు బయట మా బావ అలవాటుగా చెయ్యి చాచాడు. నేను తాళం ఇవ్వలేదు.

"కార్డు ఇంటికి రానియ్. ఇయ్యాల్టికి నేనే నడుపుత," అన్నాడు.

"పాసైన గదా. ఎనక కూసో."

ఆయన చుట్టూ చూశాడు. వరుసలోని మగవాళ్ళంతా మమ్మల్నే చూస్తున్నారు. "గింతమంది ముందట పెండ్లాం ఎనక కూసోవాల్నా? నేను ఆటోల వస్త," అని విసవిసా పోయి నాచారం ఆటో ఎక్కాడు. పోనీ అనుకున్నాను. ఆటో నడిపేది ఆయన కాదు కదా.

అది ఏడు సీట్ల ఆటో. దాని చివరి బెంచీ వెనక్కి తిరిగి ఉంటుంది, ఆయనకు దొరికింది అదే. ఆటో వెనక నేను. దారంతా ఎదురెదురు మొహాలతో పోయాం. మొదట ఆయన దుకాణాలు చూసినట్టు నటించాడు. తర్వాత నన్నే చూడసాగాడు. పక్కన కూరగాయల గంప పెట్టుకున్న ముసలమ్మ ఒకసారి నన్నూ, ఒకసారి ఆయన్నీ చూస్తోంది. ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర గేరు తగ్గించడం మరిచిపోయాను. బండి ఆగిపోయింది. వెనక లారీవాడు తిడుతున్నాడు. కిక్కు కొట్టాను, లేవలేదు. మళ్ళీ కొట్టాను. తలెత్తి చూసేసరికి ఆటో ఎటో పోయింది, మా బావ రోడ్డు వారన నా వైపు పరిగెత్తుకుంటూ వస్తున్నాడు.

"ముందుగాల న్యూట్రల్ జెయ్యి," అన్నాడు రొప్పుతూ.

చేశాను. బండి లేచింది. లారీ పక్క నుంచి దాటి మా ముందుకు వచ్చింది. ఆయన తెలిసిన షాపులవాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని రెండు పక్కలా చూసి, వెనక ఎక్కాడు. కాస్త దూరం పోయాక నా భుజం మీదుగా వంగాడు.

"పోయిన వారం రామంతాపూర్‌ల చెయ్యి గుంజింది. బండి పక్కకు వెట్టి చెరువు కాడ కూసున్న. ఎంతసేపు కూసున్ననో ఎరుక లేదు."

"నాకెందుకు జెప్పలే?"

"చెప్తే తాళం గుంజుకుంటవ్. లైను బంద్ అయితది. ఇది జల్ది పాస్ గావాలె దేవుడా అని రోజు దండం వెట్టుకొని పోతుంటి. నాకు మస్తు భయమైతుండె పిల్లా."

ఇన్నాళ్ళూ ఆ భయం నా ఒక్కదానిదే అనుకున్నాను. ఆయన నేను ఓడిపోవాలని చూస్తున్నాడనుకున్నాను. బండి ఆపి ఆయన్ని రెండు వాయించాలనిపించింది, పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. కానీ ముందు లారీ ఉంది. నేను రోడ్డు మీంచి కళ్ళు తీయలేదు.