పట్టీ కొలత

కొలతల చరిత్ర రాసే పండితులు మూర దగ్గర మొదలుపెట్టి, జానెడు, బెత్తెడు మీదుగా నడిచి, మీటరు దగ్గరికొచ్చి చేతులు దులుపుకుంటారు. ఆ తరవాత లోకంలో ఏమీ జరగలేదని వాళ్ళ నమ్మకం. జరిగింది. మా వీధి చివరింటి రేకుల వసారాలో ఒక మనిషి సరికొత్త కొలతను కనిపెట్టాడు. దాని పేరు పట్టీ.

కనిపెట్టిన తీరు గొప్పవాళ్ళందరి తీరులాగే సాదాసీదాగా ఉంటుంది. కోయవలసిన దుంగ మీద తన మోటారు రంపాన్ని పొడవునా పడుకోబెడతాడు. గొలుసు తిరిగే ఇనప పట్టీ ఎక్కడిదాకా వస్తే అక్కడ మేకుతో ఒక గీత గీస్తాడు. రంపాన్ని పైకెత్తి, తల కాస్త పక్కకి వాల్చి, "ఊఁ" అంటాడు. అప్పుడు కోస్తాడు. ఈ "ఊఁ" లేకుండా అతని చేతిలోంచి ఒక్క కట్టె బయటికి వచ్చిన దాఖలా లేదు. రాజశాసనం మీద ముద్ర ఎలాగో, కట్టె మీద ఊఁ అలాగ.

ఉద్యోగం చూస్తే నీళ్ళ ట్యాంకు దగ్గర వాల్వులు తిప్పడం. పొద్దున తిప్పాలి, సాయంత్రం తిప్పాలి. మధ్యలో నీళ్ళు వాటి పని అవి చూసుకుంటాయి. ఆ ఖాళీలో పైసంపాదన కోసం ఒక పాత మోటారు రంపం కొన్నాడు. వాలిపోయిన చెట్లు, ఎండిన కొమ్మలు, గోడల మీదికి పాకిన మొండి మానులు కోసిపెట్టి, వచ్చిన కట్టెలు చీల్చి ఇళ్ళకి అమ్ముతాడు. అతని బావమరిది వీధి మలుపులో క్షౌరశాల నడుపుతాడు. గిరాకీ గడ్డం పట్టుకుని రోజంతా "మా బావ రంపం, మా బావ రంపం" అని చెప్పేవాడు. దాంతో ఆయన వీధిలో మగవాళ్ళందరికీ రంపం బావ అయిపోయాడు. ఆడవాళ్ళు మాత్రం తమ జాగ్రత్తలో తాముండి రంపం అన్నయ్య అన్నారు.

అసలా ఇంట్లో అందరూ కత్తిరించి బతికేవాళ్ళే. ఆయన చెట్టు కోస్తాడు. ఆయన భార్య దర్జీ, బట్ట కత్తిరిస్తుంది. ఆవిడ తమ్ముడు జుట్టు కత్తిరిస్తాడు. ముగ్గురిలోనూ టేపు పెట్టి కొలిచేది ఆవిడ ఒక్కతే. మెళ్ళో ఒక టేపు ఎప్పుడూ ఉంటుంది, రెండోది గోడ మేకుకి వేలాడుతుంది.

గొడవంతా రంపం ఎక్కడ ఉండాలన్న దాని మీద వచ్చింది. వసారా కారుతుంది కాబట్టి అది కుట్టు మిషను కింద కాపురం పెట్టింది. ఒకరోజు గౌను తీసుకెళ్ళిన అమ్మాయి మర్నాడు తిరిగొచ్చి, "ఆంటీ, కుట్టు బాగుంది. వేసుకుంటే మాత్రం పెట్రోలు బంకులో నిలబడ్డట్టుంది" అంది.

ఆవిడ ఆ గౌను ఉతికి, ఆరేసి, మళ్ళీ ఉతికి, ఆరేసి, మొగుడితో నెమ్మదిగా అంది. నెమ్మదిగా అనడమే ప్రమాదం.

"ఏవండీ. కోత మిల్లు మేస్త్రీ ఆ రంపం కొంటానన్నాడు కదా?"

"ఎప్పుడో సరదాకన్నాడు."

"ఆయన సరదా తీర్చేద్దాం. దాంతో నా మిషనుకి మోటారు పెట్టించుకుంటాను. తొక్కి తొక్కి మోకాళ్ళు అరిగిపోయాయి."

"కట్టెల డబ్బులు రావట్లేదూ?"

"వస్తున్నాయి. వచ్చినవి వచ్చినట్టే దాని గొలుసుకీ, దాని నూనెకీ పోతున్నాయి. మీరు రంపాన్ని పోషిస్తున్నారు గానీ రంపం మనల్ని పోషించట్లేదు."

ఆయన రంపాన్ని మిషను కింద ఇంకాస్త లోపలికి తోశాడు. ఊఁ అనడానికి కూడా ధైర్యం చాల్లేదు.

అదృష్టం ఎప్పుడూ పిండి చేతులతో వస్తుందని ఎవరూ చెప్పరు. ఆ వారంలోనే బేకరీ అక్క అతన్ని కేకేసింది. ఆవిడది పెద్ద కట్టెల పొయ్యి. ఇటుకలతో కట్టిన గుహ, దానికి బరువైన ఇనప తలుపు. కట్టెలు వేసి తలుపు మూస్తేనే లోపల వేడి నిలుస్తుంది, వేడి నిలిస్తేనే రొట్టె పొంగుతుంది. ఇన్నాళ్ళూ కట్టెలు తోలినవాడు ఆ వ్యాపారం మానేసి మంచాలమ్ముకుంటున్నాడు. ఆ మధ్య అవసరానికి రంపం బావ దగ్గర ఒక మోపు తెప్పించుకుంటే, అవి పొయ్యిలో కొలిచి చేసినట్టు కూర్చున్నాయట.

"తమ్ముడూ, ఒక బండి కట్టెలు తోలు. ఆ మోపులో ఉన్నట్టే ఉండాలి. అంతే ఎండు, అంతే పొడవు. బాగుంటే ఇక ఎప్పటికీ నీ దగ్గరే. తేడా వస్తే మళ్ళీ అడగను."

"పట్టీ కొలత అక్కా! వెంట్రుకవాసి తేడా రాదు."

ఇంటికి పరుగు లాంటి నడకతో వచ్చాడు. భార్య మొత్తం విని, సూదిలో దారం ఎక్కించి, తీర్పు చెప్పింది. బేకరీ బేరం కుదిరితే రంపం ఇంట్లో ఉంటుంది, దానికి వసారాలో రేకులు కూడా బాగుచేయిద్దాం. కుదరకపోతే మేస్త్రీకి కబురు.

ఒక బండి ఎండు కట్టెలు అప్పటికప్పుడు ఎక్కణ్ణుంచి వస్తాయి? అక్కడ అదృష్టం రెండోసారి పలకరించింది. సైకిళ్ళ షాపు వెనక, రేకుల షెడ్డుకీ ప్రహరీ గోడకీ మధ్య సందులో, ఒక మహావృక్షం నిలువునా ఎండిపోయి చాలాకాలంగా అందర్నీ భయపెడుతోంది. షాపాయన చెట్టు తీసేస్తే చాలు, కట్టె అంతా నీదే అన్నాడు. కాకపోతే షెడ్డు మీద పడినా, గోడ మీద పడినా, దాని సంగతి కూడా నీదే అన్నాడు.

మాను లావు చూస్తే ఉన్న పట్టీ సరిపోయేలా లేదు. రంపం బావ కోత మిల్లుకెళ్ళి, పొడవాటి పట్టీ, దానికి తగ్గ గొలుసూ రెండు రోజులు ఇమ్మని అడిగాడు. మేస్త్రీ మూలన పడున్న దాన్ని తీసి, తుడిచి, చిరునవ్వుతో ఇచ్చాడు.

"తీసుకెళ్ళు బావా. ఎలాగూ నీ రంపం నా దగ్గరికే వచ్చేదేగా. పట్టీని ముందే కాపురానికి పంపుతున్నాననుకుంటా."

ఆ మాట చెవిలో పడ్డాక ఇంక నిద్రేమిటి, తిండేమిటి!

మర్నాడు పొద్దున వాల్వులు తిప్పి సైకిళ్ళ షాపు దగ్గరికి వచ్చేసరికి వీధి అప్పటికే అక్కడుంది. షాపాయన సైకిళ్ళన్నీ అవతలికి తీయించాడు. బావమరిది షాపు సగం దించి వచ్చాడు. అతని వెనకాల ఒక పెద్దమనిషి మెళ్ళో గుడ్డతో, ఒక బుగ్గ గీసి ఒక బుగ్గ నురగతో, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బావా, నేను పొరపాటున కోస్తే జుట్టు మళ్ళీ పెరుగుతుంది. నువ్వు పొరపాటున కోస్తే షెడ్డు పెరుగుతుందా?"

"నోర్మూసుకుని తాడు కట్టరా."

తాడు పైకొమ్మకి పడింది. దాని కొస సందు చివర పదిమంది చేతుల్లోకి వెళ్ళింది. పెద్దమనిషి కూడా ఒక చెయ్యి వేశాడు, నురగ తాడుకి అంటింది. రంపం మొదటిసారి లాగితే దగ్గింది. రెండోసారి తిట్టింది. మూడోసారి గర్జించింది! పడవలసిన వైపు మానుకి నోరు తెరిచినట్టు గాటు పెట్టాడు. అటునుంచి తిరిగి వెనకవైపు కోత మొదలుపెట్టాడు. రంపప్పొట్టు ఫౌంటెన్‌లా ఎగిరింది. షాపాయన రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు, షెడ్డుని తనే మోస్తున్నట్టు. కోతలోకి చెక్క మేకులు దించి సుత్తితో కొడుతుంటే మాను లోపల్నుంచి 'టక్' మంది.

"లాగండి!"

చెట్టు ఒక్క క్షణం ఆలోచించింది. షెడ్డు వైపు చూసింది. గోడ వైపు చూసింది. ఆ తరవాత, పెళ్ళివారి ఇంట్లోకి దారి చూసుకుని నడిచే పెద్దావిడలా, ఇటు రేకుకీ అటు ఇటుకకీ తగలకుండా, సందు మధ్యలో నిటారుగా పడుకుంది. నేల అదిరింది. దుమ్ములోంచి షాపాయన కేక వినిపించింది: "షెడ్డుంది! షెడ్డుంది!"

ఇక ఈలలు! చప్పట్లు! బావమరిది ఎగిరి బావ మెడకి వేలాడాడు. ఒక బుగ్గ పెద్దమనిషి ఎవరి చెయ్యో పట్టుకుని ఊపేస్తున్నాడు. రొట్టెలు మధ్యలో వదిలేసి వచ్చిన బేకరీ అక్క, "ఎండు చూడు, గంటలా మోగుతోంది!" అని మాను మీద పిండి చేత్తో తట్టింది. ఆ అచ్చు చాలాసేపు దాని మీద ఉండిపోయింది.

ఆ ఊపు మీద ఎవరాగుతారు? రంపాన్ని దుంగ మీద పడుకోబెట్టాడు, గీత గీశాడు, "ఊఁ" అన్నాడు, కోశాడు. పడుకోబెట్టాడు, గీశాడు, ఊఁ అన్నాడు, కోశాడు. వీధి కూడా గొంతు కలిపింది. ఆయన రంపం ఎత్తగానే అందరూ కలిసి "ఊఁ!" అనడం మొదలెట్టారు. సాయంత్రం వాల్వులకి వెళ్ళొచ్చి మళ్ళీ గొడ్డలి అందుకున్నాడు. చీకటి పడేలోగా కట్టె మొత్తం చీలి, ఇంటి ముందు కోటగోడలా పేర్చి ఉంది.

భార్య గుమ్మంలోకి వచ్చి కాసేపు చూసింది. ఆవిడ కంటికి ఒక అలవాటుంది: మనిషిని చూస్తే భుజం కొలత తెలిసిపోతుంది.

"ఏవండీ, ఇవి కాస్త పొడవుగా లేవూ?"

"పట్టీ కొలతే."

"మేకుకి టేపుంది, ఒకసారి పెట్టి చూడండి."

ఆయన నవ్వాడు. విజయం సాధించినవాడు టేపుని చూసి నవ్వే నవ్వు.

"టేపుతో బట్ట కొలుస్తారు. చెట్టుని పడగొట్టింది ఈ పట్టీ. ఇది అబద్ధమాడుతుందా?"

పట్టీ అబద్ధమాడలేదు. తన పొడవెంతో అంతే చెప్పింది. కాకపోతే అది మేస్త్రీ గారి పట్టీ.

మర్నాడు కట్టెలతో, వాటి మీద రంపంతో బండి బేకరీ ముందు ఆగింది. వెనకే ఊరేగింపులా వీధి. మేస్త్రీ కూడా పనున్నట్టు అటువైపు వచ్చాడు. అక్క పొయ్యి తలుపు తీసి మొదటి కట్టె లోపలికి తోసింది. వెళ్ళింది. రెండోది వెళ్ళింది. నిండా పేర్చి తలుపు వేసింది. తలుపు పడలేదు. భుజంతో నెట్టింది. పడలేదు. కట్టెల కొసలన్నీ నాలుగేసి వేళ్ళ మేర బయటికొచ్చి, పొయ్యి అందర్నీ చూసి నాలుక చాపినట్టుంది.

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు.

"తమ్ముడూ," అంది అక్క, "నాకు పొయ్యిలో పట్టే కట్టెలు కావాలి. పొయ్యిని చూడ్డానికొచ్చినవి కాదు."

రంపం బావ రంపం వంక చూశాడు. దాని మూతికున్న పట్టీ వంక చూశాడు. మొహం రంపప్పొట్టు రంగుకి తిరిగింది. "అయ్యో... పట్టీ మార్చాను కదా" అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

"మరి సాయంత్రం రొట్టెల గతేంటి? నేను వేరేవాళ్ళని చూసుకోవాలి."

"అక్కా, ఒక్క మాట!" బావమరిది జనంలోంచి దూరి వచ్చాడు. "పొడవుగా ఉన్నందుకు ఏడుస్తారా ఎవరైనా? పొట్టిగా కోసుంటే నేనూ ఏమీ చెయ్యలేను, నా షాపులో రోజూ ఉండే బాధే అది. పొడవుంటే అదృష్టం. ఇంకాస్త కత్తిరించొచ్చు."

"బండెడు కట్టెలు ఒక్కొక్కటీ పట్టుకుని కోసేసరికి వచ్చే వారమవుతుందిరా," అన్నాడు బావ నీరసంగా.

"ఒక్కొక్కటీ ఎందుకు? నేను ఒక్కో వెంట్రుకా కత్తిరిస్తున్నానా బావా? వేళ్ళ మధ్య కుచ్చు పట్టుకుని ఒక్కసారి లాగిస్తా. మోపులు కట్టు!"

బావ తలెత్తాడు. అంతలో జనం పక్కకి జరిగారు. భార్య వచ్చింది. మెళ్ళో టేపు, చేతిలో గులాబీ రంగు కుట్టు సుద్ద. నేరుగా పొయ్యి దగ్గరికెళ్ళి, కట్టెలు బయటికి లాగించి, వంగి, తలుపు నుంచి వెనక గోడదాకా టేపు పట్టి కొలిచింది, కస్టమరు నడుము కొలిచినంత మర్యాదగా. కాస్త వదులు కూడా వదిలింది. "ఉబ్బితే పట్టొద్దూ?" అంది.

"ఉబ్బేది రొట్టెమ్మా, కట్టె కాదు," అంది అక్క. మొట్టమొదటిసారి నవ్వింది.

ఆ తరవాత జరిగింది యుద్ధమనాలో పెళ్ళనాలో తెలీదు. బావమరిది కట్టెల్ని కొసలు సమంగా తట్టి కుచ్చులుగా పట్టుకుని తాడు బిగించాడు. ఆవిడ ప్రతి మోపు చుట్టూ గులాబీ గీత గీసింది. మొగుడు ఇంటినుంచి పాత పట్టీ తెచ్చి బిగించి, గీత మీద రంపం ఆనించి, అలవాటు కొద్దీ నోరు తెరిచి, భార్య వంక చూశాడు.

"ఊఁ," అంది ఆవిడ.

రంపం గర్జించింది! తెగిన ముక్కలు టపటపా రాలుతుంటే వీధంతా ఏరి గుట్ట పోసింది. ఒక బుగ్గ పెద్దమనిషి ఈసారి రెండు బుగ్గలతోనూ వచ్చి మోపులు మోశాడు. చివరికి మేస్త్రీ కూడా చొక్కా చేతులు మడిచి తాళ్ళు కట్టడానికి కూర్చున్నాడు. "ఇంత తతంగం ఉంటే ఈ రంపం నాకెందుకులే" అన్నాడు.

అక్క మళ్ళీ పొయ్యి నింపింది. తలుపు తోసింది. ఆ ఇనప తలుపు 'ఢమ్' మని పడిన చప్పుడుకి వచ్చిన కేకలు ట్యాంకు దాకా వినిపించాయి.

"వారం వారం ఒక బండి," అంది అక్క. "మీ ఆవిడ గీత గీసినవే."

రంపం మిగిలింది. కోసిన కొసలు మూటకట్టి ఇంటికి తెచ్చుకున్నారు, స్నానాల నీళ్ళకి పనికొస్తాయని. కొత్త బేరం కట్టెలతో కాలిన మొదటి రొట్టెలు సాయంత్రానికి బయటికొచ్చాయి. వీధి వీధంతా వరసలో నిలబడి, వేడివేడిగా కొనుక్కుని, అక్కడే నిలబడి తిన్నారు.

రొట్టె రోజూ ఉన్నట్టే ఉంది.