రెండు చేతుల పేరు

దర్జీ కొట్టులో కాజాలు కుట్టే ఆమెకు పుట్టినప్పటి నుంచీ వినపడదు. చిన్నప్పుడు అక్కా తనూ కలిసి చేతులతో ఒక భాష అల్లుకున్నారు. అది వచ్చినవాళ్లు లోకం మొత్తమ్మీద ఇద్దరే. అందులో ఆమె పేరు బొత్తాం. మూడేళ్లప్పుడు ఒకటి గుటుక్కున మింగి ఇల్లంతా హడలగొట్టింది మరి! ఆ పేరు పిలవాలంటే అక్క ఎడమచేతి వేళ్లను సున్నాలా చుట్టి, కుడి చూపుడువేలు అందులోంచి దూర్చి, అదే వేలితో చెల్లెలి బుగ్గ తట్టేది.

అక్క పెళ్లయి రెండు రోజుల ప్రయాణమంత దూరం వెళ్లిపోయింది. తొమ్మిదేళ్లుగా చెల్లెలిని ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. పేరుండీ పిలిచే దిక్కు లేకపోవడం ఎంత బెంగో, వినపడేవాళ్లకు ఎంత చెప్పినా తలకెక్కదు.

మొన్నీమధ్య ఆమె వీడియో ఫోను కొనుక్కుంది.

"ఇంకేం కావాలమ్మా నీకు? ఎంచక్కా అక్కను చూస్తూ కబుర్లు చెప్పుకో!" అన్నాడు కొట్టు మేస్త్రి. ఆయన పెదవులను చూసి గ్రహించి, ఆమె మురిసిపోయింది.

తీరా చూస్తే అక్క ఒక చేత్తో ఫోను పట్టుకుంటుంది. మిగిలిన చేత్తో "తిన్నావా", "బాగున్నావా" తప్ప ఏం వస్తాయి? పైగా మరిచిపోయి నోటితో గలగలా మాట్లాడేస్తుంది, ఆ చిన్న తెరలో అంత వేగంగా కదిలే పెదవులు చెల్లెలికి అందవు. ఆమెకు ఒళ్లు మండిపోయేది. అసలు భయం వేరే. అక్క తన పేరు మరిచిపోయిందేమో! తనంతట తాను అడగనూ లేదు. అడిగి పిలిపించుకుంటే అదేం పిలుపు?

"ఫోను కింద పెట్టి రెండు చేతులతో మాట్లాడు" అని మాత్రం రాసి పంపింది.

ఆదివారం మధ్యాహ్నం అక్క బుద్ధిగా ఫోను బల్ల మీద పెట్టింది, వెల్లకిలా. అయిదు నిమిషాల పాటు గిరగిరా తిరిగే ఫ్యాను కనపడింది.

"అక్కా, ఫ్యానును నేనేం చేసుకోను? నువ్వు కావాలి నాకు" అని రాసింది చెల్లెలు.

ఫోను ఊగి, నీళ్ల సీసాకు ఆనుకుని నిలబడింది. అక్క, ఆమె రెండు చేతులూ కనపడ్డాయి. ఆ చేతులు ఏమీ తోచక కాసేపు గాలిలో ఆగిపోయాయి.

ఎడమచేతి వేళ్లు మెల్లగా సున్నా చుట్టాయి. కుడి వేలు అందులోంచి దూరింది. తర్వాత, పాత అలవాటు కొద్దీ, ఆ వేలు చెల్లెలి బుగ్గ కోసం ముందుకు వచ్చింది. పెద్దదై, పెద్దదై కెమెరాను మూసేసింది. తెర నల్లబడింది.

చెల్లెలు ఆ నల్లటి అద్దానికి బుగ్గ ఆనించింది. అద్దం చల్లగా ఉంది. అక్క వేలు తీసిందో లేదో చూద్దామన్నా తల ఎత్తబుద్ధి కాలేదు.