అమ్మమ్మ కట్టుడు పళ్ళు, విషాద సంగీతం

ఈ సాయంత్రం మెల్‌బోర్న్ శివారు క్లేటన్‌లో మన తెలుగువాళ్ళ సభలో మొదటిసారి నా కథ చదివాను. ఇక్కడికి వస్తూ అమ్మమ్మ విమానంలో కట్టుడు పళ్ళు పారేసుకున్న కథ. నలుగురు నవ్వితే చాలనుకున్నాను.

సభ నడిపే అంకుల్ ముందే అడిగారు. “కామెడీనా, సెంటిమెంటా?”

“మామూలు కథే అంకుల్.”

“అట్లయితే ఎట్లమ్మా? వెనక మ్యూజిక్ వాయించే కీబోర్డాయనకి ఏదోటి చెప్పాలిగా. అమ్మమ్మ ఉంది కాబట్టి సెంటిమెంటే.”

మైకులోనూ అదే ప్రకటించారు. నేను చదువుతుంటే వెనక విషాద సంగీతం. పళ్ళు పోయిన చోట ముందు వరుసంతా కళ్ళు తుడుచుకుంది.

స్టేజీ దిగగానే ఒక ఆంటీ నన్ను పట్టుకున్నారు. “అమ్మమ్మగారు ఎప్పుడు పోయారమ్మా?”

పక్కనే సమోసా తింటున్న అమ్మమ్మ, “ఇంకా పోలేదమ్మా, ఇది తినేసి చూస్తాను” అంది.

ఆంటీ ఆవిణ్ణి వాటేసుకుని మరీ ఏడ్చారు.

మీకు నవ్వొస్తే మాత్రం అంకుల్‌ని అడక్కుండానే నవ్వండి.