దేముడమ్మ తరవాణి

జలంత్రకోటలో కొబ్బరిచెట్ల నీడ ఒకచోట నిలవదు. సముద్రపు గాలి దాన్ని కదుపుతూనే ఉంటుంది. ఆ నీడలో దేముడమ్మ కోళ్ళ షెడ్డు. మధ్యాహ్నం వేళ పరదాల సందుల్లోంచి వెలుగు లోపలికి జారుతుంది. ఊక మీద కోడిపిల్లలు పచ్చగా పరుచుకుని నిద్రపోతాయి. వాటి మధ్య కూర్చుంటే ఆమెకు తానూ ఎక్కడో నీళ్ళ మీద తేలుతున్నట్టుంటుంది.

పెళ్ళికి ముందు పలాసలో జీడిపిక్కలు కొట్టేది. జీడి నలుపు పోయింది గాని వేళ్ళ చర్మం మునుపటిలా కాలేదు. నిరుడు ఆ చేతికే కొబ్బరిమట్ట గీరుకుని పుండు పడింది. మాత్రలు మింగినా మానలేదు. పుండులోని క్రిములు ఈ మందుకు లొంగడం మానేశాయని టెక్కలి డాక్టరు వేరే మందు రాశాడు. అప్పుడు మానింది. ఇంటికొచ్చాక ఆమె పాత మాత్రల అట్టనూ, కోళ్ళ నీళ్ళలో కలిపే పొట్లాన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. రెండింటి మీదా ఒకటే పేరు.

జబ్బు లేకపోయినా, రాకుండా ఉండాలని ప్రతి విడత కోడిపిల్లలకూ ఆ పొట్లం కలుపుతూ వచ్చింది తనే.

పిల్లల్నీ మేతనీ ఇచ్చేది కంపెనీ. దాని సూపర్‌వైజరు హరిబాబుతో ఈసారి ఆ మందు వద్దంది. అతను నవ్వలేదు. కంపెనీ కూడా అదే ఆలోచనలో ఉందన్నాడు. మేతలో కలపమని ఒక పొడి ఇచ్చాడు. అందులో మేలు చేసే సూక్ష్మజీవులుంటాయట. అవి పేగులో ముందే చోటు పట్టుకుంటే చెడ్డవాటికి చోటుండదట. అయితే పిల్లలు ఎక్కువగా పోతే మాత్రం తర్వాతి విడత వేరే షెడ్డుకి వెళ్తుంది. ఈ షెడ్డు ఖాళీగా ఉండిపోతుంది.

పొడి వాసన చూసింది. పుల్లగా, తెలిసిన వాసన. వంటింటి మూల తరవాణి కుండ వాసన. గంజి పోస్తూ, పులిసింది తాగుతూ, అత్తగారి కాలం నుంచి ఆ కుండను పూర్తిగా ఖాళీ చేసింది లేదు. పొడి మేతలో కలిపింది. ఎవరికీ చెప్పకుండా రోజూ నీళ్ళ ట్యాంకులో తరవాణి కూడా పోసింది.

పిల్లలు నీళ్ళ దగ్గర్నుంచి కదలడం మానేశాయి. ఊక తడిసి ముద్దయింది. కొన్ని పడుకున్నవి లేవలేదు. దేముడమ్మ గోడకానుకుని కూర్చుని కళ్ళు మూసింది. మూసిన కళ్ళ ముందు నౌపడ ఉప్పుమడుల్లో తెల్లటి కుప్పలు. వాన పడుతోంది. కుప్పలు చప్పుడు లేకుండా కరిగిపోతున్నాయి. కళ్ళు తెరిచేసరికి ఎదుట హరిబాబు, చేతిలో పాత పొట్లం.

ట్యాంకు మూత తీసి ఆగాడు. వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు.

"ఇందల ఏటి పోసినావు అత్తా?"

"తరవాణి."

"ఉప్పు కూడా ఏసినావేటి?"

"ఉప్పునేకుండా తరవాణి ఎవులికి పోత్తారు అల్లుడా? పగోడికైనా అలా పొయ్యరు."

"ఆటి మేతలో ఉప్పు ముందే ఉంది. జబ్బు కాదిది. నీ మరియాదే ఆటిని సంపేత్తంది."

దేముడమ్మ అతని చేతి వైపు చూసింది. పొట్లం ఇంకా అతని చేతిలోనే ఉంది. పిల్లలు పోతుంటే మందు కలపాలన్నది కంపెనీ మాట.

"జబ్బు నేదన్నావు గదా," అంది నెమ్మదిగా. "మరా మందు ఎవులికి?"

హరిబాబు పొట్లాన్ని సంచిలో పెట్టేశాడు. ఇద్దరూ ట్యాంకు ఒంపి మంచినీళ్ళు నింపారు. తడి ఊక తీసి పొడి ఊక పరిచారు. మేతలో ఆ పొడి ఒక్కటి చాలు, తరవాణి మనుషులకుంచు, అని చెప్పి వెళ్ళాడు. తెల్లారేలోగా మరికొన్ని పోయాయి. వాటిని ఆమె కొబ్బరిచెట్టు మొదట్లో పాతింది. మిగిలినవి మెల్లగా మెడలెత్తాయి. మేత మీద ముక్కుల చప్పుడు మళ్ళీ మొదలైంది, ఇసుక మీద సన్నటి వాన పడ్డట్టు.

కోళ్ళు తెల్లగా ఎదిగి లారీ ఎక్కాయి. ఖాళీ షెడ్డులో వెలుగు ఒక్కటే మిగిలింది. పోయినవి కాసిన్నేనని, తర్వాతి పిల్లలూ ఇక్కడికే వస్తాయని, పాత పొట్లం లేకుండానే వస్తాయని హరిబాబు చెప్పాడు. ఎండన పడి వచ్చాను, కాస్త తరవాణి పొయ్యమన్నాడు.

గ్లాసు నింపింది. ఉప్పు డబ్బా వైపు వెళ్ళిన చెయ్యి మధ్యలో ఆగింది. అతని వైపు చూసింది.

"నీకు ఏత్తాన్లే," అంది.

ఉప్పురాళ్ళు గ్లాసు అడుగుకి దిగాయి. కరిగేదాకా ఇద్దరూ వాటినే చూస్తూ కూర్చున్నారు.